తెడ్డు తెలియని ఊరు

మా దేవి శనివారం సాయంత్రం ఎచ్చెర్ల హాస్టలు నుంచి వస్తుంది, సోమవారం తెల్లారి మొదటి బస్సుకు పోతుంది. మధ్యనున్న ఆ ఒక్క ఆదివారమే నాకు మాట తోడు. అది నా కూతురి కూతురు. తల్లి పురిట్లోనే పోతే నేనే పెంచాను. చిన్నప్పుడు కథ చెబితే గానీ ముద్ద మింగేది కాదు. అలాంటిది ఆ ఏడు వచ్చిన ప్రతిసారీ చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఇంట్లో సిగ్నలు లేదని ఒడ్డునున్న ఇసుక దిబ్బ ఎక్కి కూర్చునేది. నేను మాట్లాడబోతే వేలు చూపించి ఆగమనేది. ఎంతసేపని ఆగను? ఒకనాడు నేనూ దిబ్బెక్కి పక్కన కూలబడ్డాను.

"ఎవులితోనే మాటలు?"

"మాటలు కాదు అమ్మమ్మా, పాఠం. గ్రీసు, రోము అని దేశాలున్నాయి. ఆల పాత దేవుళ్ళ కతలు. అక్కడెక్కడో మేస్టారు సెప్తే మనం ఫోన్లో ఇనొచ్చు. పది వారాలు."

"కతలకి ఫోనెందుకే? నా కాడ నేవా?"

"నీవన్నీ అయిపోనాయిలే."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ పూట కూడు సహించలేదు.

మరుసటి ఆదివారం తానే ఒక వైరు నా చెవిలో పెట్టింది. అంతా ఇంగ్లీషు. నాకేం తెలుస్తుంది? ఆపి ఆపి దేవి చెప్పింది. చచ్చినవాళ్ళను ఏరు దాటించే పడవవాడు ఒకడున్నాడట. కర్మ జరగనివాళ్ళను ఎక్కించుకోడట. వాళ్ళు నూరేళ్ళు ఆ గట్టునే తిరుగుతారట. అంతవరకూ చెప్పి అది ఠక్కున ఆగిపోయింది. ఇద్దరం సముద్రం వైపే చూస్తూ కూర్చున్నాం.

ముప్పై రెండేళ్ళ కిందట నా పెనిమిటి గంగులు తెప్ప మీద వేటకు వెళ్ళి తిరిగి రాలేదు. మూడోనాడు ఆయన తెడ్డు ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పిడికి నేను చుట్టిన పాత చీర పేలిక అలాగే ఉంది. గడ్డితో బొమ్మ చేసి కాల్చి కర్మ చేద్దామన్నారు కులపెద్దలు. మనిషిని చూడకుండా గడ్డిని కాల్చనన్నాను. అప్పటి నుంచీ ఆ తెడ్డు మా గుమ్మం పక్కన గోడకు ఆనించే ఉంది. ఏటా పెద్దల అమావాస్యకు మా మామకు ఒక ఆకు, అత్తకు ఒక ఆకు వేసి అన్నం పెడతాను. ఆయనకు వెయ్యను. వేస్తే నా చేత్తో నేనే చంపినట్టు ఉంటుంది. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తెలుసు కాబట్టి ఎవరూ అడగరు.

ఆఖరి పాఠాల్లో ఒక రాజు కథ వచ్చింది.

"సముద్రంలో ఏళ్ళకేళ్ళు తిరిగి ఆడు ఇంటికొచ్చీసినాడు అమ్మమ్మా. ఐనా సముద్రం దేవుడికి ఆడి మీద కోపం తీరనేదు. అంచేత తెడ్డు బుజానెట్టుకొని సముద్రానికి దూరంగా నడిసిపొమ్మన్నారంట. తెడ్డంటే తెలీక 'ఏటది, సేటా?' అని అడిగీ ఊరొచ్చీదాకా నడవాల. అక్కడ పాతీసి దండమెట్టాల. అప్పుడు సముద్రం ఒదిలేస్తాది."

"అలాటూరు దొరికిందా ఆడికి?"

"అది పాఠంలో నేదు."

సోమవారం దేవిని బస్సెక్కించి ఇంటికొచ్చాను. తెడ్డు తీసి భుజాన పెట్టుకున్నాను. దేవికి చెబితే వెంట వస్తానంటుంది. విజయనగరం బస్సులో కండక్టరు, "పడవెక్కడ మరిసిపోనావమ్మా?" అన్నాడు. అందరూ నవ్వారు. కొత్తవలసలో టీలమ్మే అతను తెడ్డు చూడగానే సముద్రం ఒడ్డున ఏ పల్లె అని అడిగాడు. కొండల వైపు పోయే రైల్లో ఒక కుర్రవాడు, గుజరాతు బోట్ల మీద పనిచేసి వచ్చాడట, చేతిలోకి తీసుకుని కర్ర బాగుందని మెచ్చుకున్నాడు. తెలిసినవాడు కనబడిన ప్రతిసారీ నాకు లోపల హాయిగా ఉండేది. ఇంకొంచెం దూరం ఆయనను మోసుకుపోవచ్చు కదా.

శృంగవరపుకోట దాటాక ఒక చిన్న స్టేషన్లో దిగి, చెరకు తోటల మధ్య బండిబాట పట్టాను. బెల్లం వండే వాసన వస్తోంది. పెనం కింద చెరకు పిప్పి ఎగదోస్తున్న ఒక ముసలామె తలెత్తి చూసింది. నా ఈడుదే. పేరు గౌరి అని తరవాత చెప్పింది.

"ఏటప్పా అది? పాకం కలిపీదా?"

తెడ్డు భుజం మీంచి దించాను.

"కాదు. సముద్రంలో తెప్ప నడిపీది."

"నాను సముద్రం సూడనేదు. ఎవులిది?"

"మా పెనిమిటిది."

"ఆయనేడీ?"

ఆ మాట నన్ను అడిగిన మనిషి అంతవరకూ లేదు. ఏం చెప్పాలో నేనెప్పుడూ అనుకోనూ లేదు.

"సచ్చిపోనాడు," అన్నాను. "సముద్రంలో."

గౌరి చేతిలో పిప్పి కింద పెట్టి, గోనె పరిచి, "కూకో" అంది. నేను చాలాసేపు ఏడ్చాను కాబోలు. నీళ్ళిచ్చి మెల్లగా అడిగింది.

"ఎప్పుడు పోనాడప్పా?"

"ఇప్పుడే," అన్నాను.

ఈ తెడ్డు ఇక్కడ పాతుకోనా అని ఆమెనడిగాను. గునపం తెచ్చి ఇచ్చింది. పిడికున్న పేలిక విప్పుకుని, తోట గట్టున తెడ్డు పాతాను. ఆమె మట్టి తొక్కింది.

"నీకు అడ్డమేమో," అన్నాను.

"ఏటడ్డం? బీరపాదు పాకిస్తాను."

తిరుగు బండిలో నన్నెవరూ పలకరించలేదు. చేతిలో ఏమీ లేని ముసలిదాన్ని ఎవరు పలకరిస్తారు?

శనివారం దేవి వచ్చి గుమ్మం పక్కన ఖాళీ చూసింది. చెవిలో వైర్లు తీసేసింది.

"తెడ్డేదే అమ్మమ్మా?"

"కూకో, సెప్తాను. పాఠంలో నేదన్నావే, ఆ ఊరు."

పెద్దల అమావాస్య దాకా ఆగబుద్ధి కాలేదు. ముందు వచ్చిన అమావాస్యకే మూడాకులు కడిగి వేశాను. దేవి హాస్టల్లో ఉంది. ఇంట్లో నేనొక్కదాన్నే. ఆయనకు ఇష్టమని కవళ్ళ చేపల పులుసు పెట్టాను. ఉప్పు చాలిందో లేదో చూద్దామని గరిట నోటి దాకా తెచ్చి, పెద్దలకు పెట్టేది రుచి చూడకూడదని గుర్తొచ్చి దించేశాను. ఆయనుండగా ఉప్పు తక్కువైతే మొదటి ముద్దకే చెప్పేవాడు. వడ్డించి, మూడో ఆకు ముందు చాలాసేపు కూర్చున్నాను. ఉప్పు తక్కువైందని ఎవరూ అనలేదు.