రెండోసారి అడగని చోట

గోడకు వేలాడుతున్న తడి కోట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

టప్... టప్... కాసేపాగి, మళ్లీ టప్.

తాళం లేదు, పాడూ లేదు.

బయట వాన. లోపల తడి ఉన్ని వాసన, బీరు వాసన, పాత చెక్క వాసన. మధ్యాహ్నమే అయినా పబ్బులో దీపాలు వెలిగించారు. కిటికీ పక్కన బల్ల చుట్టూ కొంతమంది చేరి వాయించుకుంటున్నారు — ఫిడేళ్లు, ఒక చెక్కవేణువు, ఒళ్లో పెట్టుకుని సాగదీసే చిన్న హార్మోనియం లాంటి పెట్టె. వేదిక లేదు. మైకు లేదు. వాళ్లలో వాళ్లు ఎదురెదురుగా కూర్చుని, చుట్టూ ఉన్న జనానికి వీపులు చూపిస్తున్నారు.

వినడానికి వచ్చినవాళ్లకి వీపులా? ఇదేం మర్యాద?

గుంపు వెనకే గోడవార ఖాళీ బెంచీ కనిపిస్తే, టూరు మీద వచ్చిన ఆవిడ అక్కడ కూర్చుంది. కూర్చున్నప్పటి నుంచీ చిరాకే.

బెంచీ చిరాకు. తడిసిన చీర కుచ్చిళ్లు చిరాకు. వాయించిన బాణీనే మళ్లీ, మళ్లీ, మళ్లీ వాయిస్తారు... అయిపోయిందిరా దేవుడా అనుకునేలోపు ఇంకో బాణీలోకి జారిపోతారు. చప్పట్లకని ఎత్తిన చేతులు అప్పటికే రెండుసార్లు ఒళ్లోకి తిరిగొచ్చాయి.

అన్నిటికన్నా పెద్ద చిరాకు ఆవిడ పక్కనే కూర్చుని వేరుశనగపప్పులు నములుతోంది.

ఆయన ఆవిడ మొగుడు. నీళ్ల సరఫరా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. దేశం కాని దేశం వచ్చినా ఎక్కడ చుక్క కారితే చెవి అక్కడికే పోతుంది. ఇప్పుడూ కోట్ల వైపే ఉంది.

కుక్కిన పేనులా కూర్చున్న ఈ మనిషేనా తనని అంతగా పాడమన్నది?

పెళ్లైన దగ్గర్నుంచీ ఇంటికి ఎవరొచ్చినా — చుట్టాలొచ్చినా, ఇంటి ఓనరొచ్చినా, ఆఖరికి గ్యాసు పొయ్యి బాగుచేసే అతనొచ్చినా — "మా ఆవిడ బాగా పాడుతుందండీ" అని మొదలుపెట్టేవాడు. "ఏదీ, ఒకటి అందుకో."

"అబ్బే, గొంతు బాగాలేదండీ."

"ఏం కాదు, పాడు."

"ఇప్పుడెందుకులెండి. ఇంకోసారి."

"చిన్నది. ఒక్కటే."

అప్పుడు ఆవిడ కొంగు సర్దుకునేది. చిన్నగా దగ్గేది. పాడేది.

వద్దనడం కూడా పాటలో భాగమే. శ్రుతి చూసుకోవడం లాంటిది. బతిమాలించుకోకుండా పాడితే పిలవని పేరంటానికి పోయినట్టుంటుంది. ఈ మాత్రం ఎవరికి తెలియదు?

ఇప్పుడు ఆ గొంతులో గడ్డ ఉంది.

రేగుపండంత. డాక్టరమ్మ వేలితో నొక్కి చూసి, భయపడాల్సిందేమీ లేదు, తీసేద్దాం అంది. తీసేశాక మాట బాగానే ఉంటుంది, పాట సంగతి మాత్రం చెప్పలేను అంది. మందుల షాపు కుడివైపు ఉంది అన్నంత మామూలుగా అంది. ఏళ్ల తరబడి బస్టాండు మైకులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పిన గొంతు ఆవిడది. మొహం తెలియనివాళ్లకి కూడా గొంతు తెలుసు. ఊరికి తిరిగి వెళ్లగానే ఆపరేషను.

నిన్న టూరిస్టు బస్సులో ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. ఫోను తెచ్చి ఆవిడ మొహం ముందు పెట్టాడు.

"మీ అమ్మ పాట పాడు. కొంగ పాట. రికార్డు చేస్తాను."

"దేనికి? పోయినవాళ్ల ఫొటోలా దాచుకోవడానికా?"

ఆయన కాదనలేదు. అదే ఆవిడకి ఒళ్లు మండించింది.

"ఇంకోసారి నన్ను పాడమని అడిగారంటే నా మీద ఒట్టే."

ఆపరేషను ముందు పెట్టుకుని వేసిన ఒట్టు. ఆయన మొహం పాలిపోయింది. ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అప్పటి నుంచి కాఫీ తాగుతావా అని అడగడానికి కూడా జంకుతున్నాడు.

టప్... టప్...

బాణీలు ఆగాయి. పాటలు మొదలయ్యాయి.

తెల్ల జడ వేసుకున్న ఫిడేలావిడ ఈ గుంపుకి పెద్దదిక్కులా ఉంది. ఒకరి వైపు తిరిగి కనుబొమ్మలు ఎత్తుతుంది. అంతే... ఆ మనిషి పాడేస్తాడు. గొంతు బాగాలేదనడు. సాహిత్యం మరిచిపోయాననడు. ఇంకోసారి చూద్దామనడు.

వడ్రంగి ఒకడు, చేతుల మీద ఇంకా రంపపు పొట్టుతోనే, కళ్లు మూసుకుని పాడాడు. డ్యూటీ బట్టల్లోనే వచ్చిన నర్సు గ్లాసులోకి చూస్తూ పాడింది. శ్రుతి సగం దారిలో బురదలో దిగబడింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆహా అనలేదు. తలలు దించుకుని విన్నారు, అయ్యాక గ్లాసులెత్తారు. తర్వాత ఇంకొకరు.

వీళ్లకి సిగ్గనేది లేదా?

ఆవిడకి అసూయ పుట్టింది.

నిజం చెప్పాలంటే లోపలికి అడుగుపెట్టినప్పటి నుంచీ ఆవిడకి పాడాలనే ఉంది. బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ అమ్మ పాడిన పాట. ఏటి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ పాట. అది ఏ పుస్తకంలోనూ లేదు. అమ్మ లేదు. అక్కయ్యకి పాట రాదు. ఇక ఈ భూమ్మీద ఆ పాట ఉన్నదల్లా ఈ గొంతులో, ఈ గడ్డ పక్కన.

తెల్ల జడావిడ వెనక్కి తిరిగింది. గోడవార బెంచీ వైపు చూసింది.

కనుబొమ్మలు లేచాయి.

ఆవిడ బెంచీ మీద ముందుకి జరిగింది. నోట్లోంచి మాత్రం అలవాటైన మాటే వచ్చింది. "నో, నో..." అని గొంతు మీద చెయ్యి పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, నవ్వింది. కొంగు కూడా సర్దుకుంది.

తెల్ల జడావిడ ఎంతో గౌరవంగా తల పంకించింది.

ఆయన వైపు తిరిగింది. ఆయనా వద్దన్నాడు. వంతు అవతలి బల్లకి వెళ్లిపోయింది.

అంతేనా?

రెండోసారి అడగరా? వద్దంటే నిజంగానే వద్దనుకుంటారా ఎవరైనా? వీళ్ల ఇళ్లల్లో వడ్డన ఎలా జరుగుతుంది? చాలు అనగానే గరిటె వెనక్కి తీసేసుకుంటారా? ఆకలితో లేచిపోయిన చుట్టాలు ఎంతమందో ఈ దేశంలో!

"ఏవండీ."

"ఊ."

"వాళ్లు మళ్లీ అడగరా?"

"ఏమో. వద్దన్నావుగా."

"మీరు చెప్పొచ్చుగా."

"ఏం చెప్పాలి?"

"ఏం చెప్పాలో మీకు తెలీదూ?"

ఆయన ఒక పప్పుగింజ వేళ్ల మధ్య నలిపాడు. పొట్టు ఊడింది. గింజ తినలేదు.

"ఒట్టు పెట్టావు" అన్నాడు, కోట్ల వైపు చూస్తూనే. "నీ మీద."

ఒట్టు తీసి గట్టు మీద పెట్టండి, అనబోయింది. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అలా అంటే ఇంకేముంది... నన్ను బతిమాలండి అని నోరు తెరిచి అడిగినట్టే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఆవిడకి అడగడం రాదు. అడిగించుకోవడమే వచ్చు.

వాన సన్నబడింది. వేణువతను వేణువు తుడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. కోట్ల కింద నేల మీద నీళ్లు చిన్న మడుగు కట్టాయి.

తెల్ల జడావిడ చివరిసారి అన్నట్టు చుట్టూ చూసింది. ఆ చూపు ఆవిడ దాకా వచ్చి, ఆగకుండా, మర్యాదగా దాటిపోయింది. వద్దన్న మనిషిని ఇబ్బంది పెట్టకూడదని కాబోలు. ఆ మర్యాద తగలెయ్య.

అప్పుడు పక్కన వేలు లేచింది. బడిలో పిల్లాడు నీళ్లకి వెళ్తానని ఎత్తినట్టు.

ఆయన వేలు.

"మీకేమైనా పిచ్చా?" అని ఆవిడ గొణిగింది.

ఆయన వినలేదు. జన్మలో ఎన్నడూ పాట జోలికి పోని మనిషి, పెళ్లి ఫొటోలో కూడా బిగుసుకుని నిలబడ్డ మనిషి, గొంతు సవరించుకున్నాడు. నీళ్లొచ్చే ముందు కొళాయి దగ్గినట్టుంది ఆ సవరింపు.

"చేపా రాదు... చుట్టం రాదు..."

కొంగ పాట.

వంటింటి బయట కుర్చీలో కూర్చుని, పేపరు చదువుతూ విన్న పాట. రెండో వరుస ముందు పాడుతున్నాడు. దిగాల్సిన చోట ఎక్కుతున్నాడు. ఆగాల్సిన చోట పరిగెడుతున్నాడు. పాట మీద రోడ్డు రోలరు నడుపుతున్నాడు. ఆవిడ ప్రాణం విలవిల్లాడింది.

గుంపంతా తలలు దించుకుంది. వడ్రంగి పాటకి దించుకున్నట్టే. నర్సు పాటకి దించుకున్నట్టే.

ఒక్కరైనా నవ్వండయ్యా. ఒక్కరైనా ఆపండయ్యా.

"చీకటి పడుతోంది ఇంటికి రావే..."

అక్కడితో ఆయనకి వచ్చింది అయిపోయింది. అయినా ఆపలేదు. మళ్లీ మొదటికి. మళ్లీ అదే తప్పు. చెవులు ఎర్రబడ్డాయి. మళ్లీ, మళ్లీ... ఈ ఊరి బాణీల్లాగే.

"అది కాదండీ" అంది ఆవిడ.

ఆయన ఆపలేదు.

"అలా కాదు. అమ్మ పాటని చంపేస్తున్నారు."

ఆయన ఆగాడు. ఆవిడ వైపు తిరిగాడు. "పాడు" అనలేదు. "ఏదీ, ఒకటి అందుకో" అనలేదు. "చిన్నది, ఒక్కటే" అనలేదు. పెదవులు బిగించుకుని, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ చూశాడు.

ఆవిడకి కోపం వచ్చింది. ఆయన మీద, ఒట్టు మీద, రేగుపండంత గడ్డ మీద, రెండోసారి అడగని ఈ ఊరి మీద. ఏడుపూ వచ్చింది. ఆయన మోకాలి మీద అరచేత్తో గట్టిగా ఒక దెబ్బ వేసింది. అది తాళం అయింది. ఇంకో దెబ్బ.

కొంగు సర్దుకోలేదు. దగ్గలేదు.

"ఒంటికాలి కొంగమ్మా... ఏటి ఒడ్డున కొంగమ్మా..."

గొంతు బొంగురుగా వచ్చింది. బయటికి వచ్చింది.

"చేపా రాదు... చుట్టం రాదు... చీకటి పడుతోంది, ఇంటికి రావే..."

దిగాల్సిన చోట దిగింది. ఆయన మోకాలు దెబ్బలు తింటూ కదలకుండా ఉంది. తెల్ల జడావిడ ఫిడేలు ఒళ్లో పడుకోబెట్టి, నేల వైపు చూస్తోంది. ఆవిడ వైపు ఎవరూ చూడటం లేదు.

మూడో వరుసలో పాట పైకి పోతుంది. కొంగ లేచే చోటు. గడ్డ బయటపడ్డాక ఆవిడ ఆ చోటికి వెళ్లలేదు. స్నానాల గదిలో పాడుకునేటప్పుడు కూడా వెళ్లలేదు.

ఆవిడ ఆగింది.

గదీ ఆగింది. తొందరపెట్టలేదు. పాడమనలేదు.

గోడకు వేలాడుతున్న తడి కోట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

టప్... టప్... కాసేపాగి...

మూడో వరుసకి ఆవిడ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.