ఎడమచేతి పురి

చోడవరంలో ఆ వీధి ఆడవాళ్లంతా మధ్యాహ్నాలు టీవీలకు అతుక్కుపోతే, రాజ్యం మాత్రం అరుగు మీద కూర్చుని సరదాకి తకిలితో నూలు వడికేది. పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయేనాటికి తకిలి సగం నిండి ఉంది. దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇవాళ దాన్ని ఎడమచేత్తో తిప్పింది. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు తోలి అప్పుడే వచ్చిన పెనిమిటి పెదబాబు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒసే, తిరుగుతందే! నాను సెప్పలేదేటి, అన్నీ మళ్లీ వచ్చెత్తాయని!"

ఆయనగారికి తకిలి తిరిగితే చాలు, నూలు ఏమవుతోందో అక్కర్లేదు. కుడిచెయ్యి తిప్పే వైపుకి ఎడమచెయ్యి తిప్పదు, ఎదురు తిప్పుతుంది. తిరిగినకొద్దీ పాత నూలు పురి విడి, దూదై తెగి, రాజ్యం ఒళ్లో పడుతోంది. మంచి చేత్తో వడికిన ఆఖరి నూలది.

"ఆపేసేవేటే? తిప్పు!" అంటూ పెదబాబు లోపల్నించి వడకడానికి కొత్త దూది ఏకులు తెచ్చి ఆ దూది మీదే పోశాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"తిప్పుతన్నాను" అంది రాజ్యం. ఆయన చూస్తుండగా, మిగిలిన నూలు కూడా బారెడు బారెడు వదులుతూ, అంతా దూదయ్యేదాకా తిప్పింది.