నార్మన్ గారుండే ఇల్లు

బాలమురళి ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం. ఆఫీసు సాయంత్రం ఐదింటికి అయిపోయేది కానీ తప్పులు పట్టడం ఇంటికొచ్చాక కూడా ఆగేది కాదు. మెల్‌బోర్న్ శివారు వెర్రిబీలో ఇల్లు కొన్నప్పుడు కుళాయిలన్నీ రెండేసిసార్లు తిప్పి చూసి, అమ్మేవాళ్ల చేత దణ్ణం పెట్టించుకున్నాడు. మిక్సీ కొనడానికి పదకొండు రోజులు పట్టింది. అలాంటి మనిషిని పట్టుకుని అతని భార్య సింధుజ, పెళ్లై పదేళ్లవుతోంది కదా, మార్చి లాంగ్ వీకెండ్‌కి మార్నింగ్టన్ వైపు ఎక్కడన్నా మంచి చోటు చూడమంది.

అటు సముద్రం, ఇటు కొండల మీద ద్రాక్షతోటలు, అడుగడుగునా వైన్ రుచి చూపించే అంగళ్లు. ఇంట్లో ఎవరికీ వైన్ అలవాటు లేదు.

"వెళ్తే అదే అలవాటవుతుందిలే," అంది సింధుజ. "నాకు ఒక్కటే కావాలి మురళీ. ఆరుబయట బాత్‌టబ్. ద్రాక్షతోట కనిపిస్తుండాలి. మెడదాకా వేణ్ణీళ్లలో కూర్చుంటే గంటసేపు నన్నెవరూ ఏమీ అడక్కూడదు."

బాలమురళి పనిలోకి దిగాడు. అతను ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల రివ్యూలు మాత్రమే చదివేవాడు. ఐదిచ్చినవాళ్లు సంతోషంలో ఏదైనా రాసేస్తారని అతని నమ్మకం. సముద్రం రాత్రంతా చప్పుడు చేస్తోందని ఎవరో ఫిర్యాదు చేస్తే ఆ ఇల్లు కొట్టేశాడు. ఇంకోచోట చీకటి మరీ నల్లగా ఉందట, అదీ కొట్టేశాడు. మూడు వారాలు గడిచాక మూడు ఇళ్లు మిగిలాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి అందర్నీ కూర్చోబెట్టాడు. అందరూ అంటే సింధుజ, తొమ్మిదేళ్ల కూతురు అపూర్వ, నాలుగు నెలలు ఉండి వెళ్దామని తెనాలి నుంచి వచ్చిన అత్తగారు శారదాంబ.

మొదటిది తోటలో అద్దాల గుడారం. పడుకుంటే చుక్కలు కనిపిస్తాయి.

"చుట్టూ అద్దాలేనా? చీరెక్కడ మార్చుకోవాలి బాబూ?" అంది శారదాంబ. గుడారం పోయింది.

రెండోది సముద్రం ఒడ్డున మేడ. ఎక్కడానికి యాభై ఎనిమిది మెట్లు. శారదాంబ మోకాలు నిమురుకుంది. మేడ కూడా పోయింది.

మూడోది రెడ్ హిల్‌లో పాత కాటేజీ. వంటగది ఉంది, తోట ఉంది, తోటకి ఎదురుగా తెల్లటి బాత్‌టబ్ ఉంది. సింధుజ కుర్చీలో ముందుకు జరిగింది.

"కానీ ఒక్క నక్షత్రం వాళ్లు ముగ్గురున్నారు," అని బాలమురళి గొంతు తగ్గించాడు. "ముగ్గురూ నార్మన్ అనే ఆయన గురించే రాశారు. నార్మన్ మమ్మల్ని కారు దాకా వెళ్లనివ్వలేదు అని ఒకరు. నార్మన్ మొహం మాకు నచ్చలేదు అని ఒకరు. మూడో ఆవిడ, నార్మన్ మా ఆయన పిక్క కొరికాడు అని రాసింది."

"ఈజ్ నార్మన్ ఎ డాగ్?" అంది అపూర్వ.

"తప్పు! పెద్దవాళ్లని కుక్క అనకూడదు," అంది శారదాంబ.

తేల్చుకుందామని బాలమురళి ఇంటావిడకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాడు. ఆవిడ పేరు హెదర్. గొంతు గలగలమంటోంది. బాత్‌టబ్‌కి వేణ్ణీళ్లు బాగా వస్తాయంది. ఆ మూడురోజులూ తాను జీలాంగ్‌లో చెల్లెలి ఇంట్లో ఉంటానంది.

"నార్మన్ ఉంటాడనుకోండి. నాకంటే ముందునుంచీ ఆ ఇంట్లో ఉన్నాడు. వయసైపోయింది కదా, ఎడమ కన్ను ఆనదు. కొత్తవాళ్లంటే కాస్త చిరాకు. ఆర్వో ఐదింటికల్లా తిండి పెట్టేస్తే వరండాలో తన మానాన తను పడుంటాడు. పెడతారా?"

"ఆర్వో అంటే?" అని శారదాంబ గుసగుసగా అడిగింది.

"సాయంత్రం, అమ్మా."

"పెడతామని చెప్పు బాబూ," అంది శారదాంబ గట్టిగా, హెదర్‌కే వినపడేలా. ఫోన్ పెట్టేయగానే కళ్లు ఒత్తుకుంది. "చూశారా, వయసైన మనిషిని వరండాలో పడుకోబెడుతున్నారు. మా పెదనాన్నగారూ అంతే, ఆఖరి రోజుల్లో మతి తప్పి అందర్నీ కరవబోయేవారు. అంతమాత్రాన వదిలేశామా? పెద్దదిక్కున్న ఇల్లు. ఇదే తీసుకోండి."

అంత గట్టిగా ఎవరూ ఏదీ చెప్పి మూడు వారాలైంది. బాలమురళి బుక్ చేసేశాడు.

శనివారం పొద్దున కారు డిక్కీ తెరిస్తే సగం నార్మన్ గారి సామానే ఉంది. పళ్లుండవేమోనని మెత్తగా కలిపిన పెరుగన్నం డబ్బా, కారం లేని పెసరపప్పు, కాళ్లకి రాయడానికి నువ్వులనూనె, తెనాలి నుంచి ఎవరికి పెట్టాలో తెలియకుండానే తెచ్చిన బూడిదరంగు శాలువా.

రెండుగంటల ప్రయాణం. కాటేజీ ఫోటోలో ఉన్నట్టే ఉంది. పిట్టలు కొట్టకుండా ద్రాక్షతోట మీద తెల్లటి వలలు కప్పారు. వరండాలో పాత పరుపొకటి ఉంది కానీ మనిషి లేడు. శారదాంబ శాలువా మడత విప్పి చేతుల మీద వేసుకుని నాలుగడుగులు ముందుకేసింది.

"నార్మన్ గారూ! ఏవండీ, నార్మన్ గారూ!"

నీళ్లట్యాంకు వెనకనుంచి నార్మన్ గారు వచ్చారు. తెల్లటి బాతు. మన చెరువుల్లో తిరిగే బాతులాంటిది కాదు. మెడ చాస్తే అపూర్వ భుజందాకా వచ్చేంత పెద్ద గూస్ బాతు. కుడికన్నుతో అందర్నీ ఒక్కసారి చూసి, రెక్కలు రెండూ విప్పి, కుక్కర్ కూత పెట్టినట్టు బుస్సుమంటూ పరుగెత్తుకొచ్చాడు.

ఎవరు ముందు కారెక్కారో ఎవరికీ గుర్తులేదు. బాలమురళి మాత్రం తన తలుపు అనుకుని వెనకతలుపు తీసి, అత్తగారి ఒళ్లో పడ్డాడు.

"ఐ సెడ్ డాగ్! ఐ వజ్ క్లోజ్!" అని అపూర్వ సీటు మీద గెంతుతోంది.

"పెద్దాయనన్నారు కదయ్యా," అంది శారదాంబ ఊపిరి తీసుకుంటూ.

"ఆవిడ పెద్దాయన అన్లేదు అత్తయ్యగారూ. వయసైపోయింది అంది."

"వయసైపోతే పెద్దాయన కాక మరేమవుతాడు?"

ఇరవై నిమిషాలకి నార్మన్ విసుగుపుట్టి వెళ్లాక, తలమీద సూట్‌కేసులు పెట్టుకుని లోపలికి పరుగెత్తారు. ఫ్రిజ్ మీద హెదర్ చీటీ అంటించి ఉంది. నార్మన్‌కి ఇరవై రెండేళ్లు నిండాయి. ఒక గిన్నెడు గింజలు. మర్యాదగా మాట్లాడితే వింటాడు. పరుగెత్తకండి.

ఆ చివరి మాట ముందే రివ్యూల్లో ఎవరన్నా రాసుంటే బాగుండేదనుకున్నాడు బాలమురళి.

మర్నాడు మధ్యాహ్నం నార్మన్ వలల కింద ఎక్కడో కునుకు తీస్తుంటే, సింధుజ తువ్వాలు తీసుకుని బయల్దేరింది.

"ఆగు, నేను ముందు టెస్ట్ చేసి చెప్తా," అన్నాడు బాలమురళి. "నీళ్లు మరీ వేడెక్కుతున్నాయేమో చూడాలి. ఐదు నిమిషాలు."

పదేళ్ల కాపురంలో ఆ ఐదు నిమిషాల సంగతి తెలిసినా సింధుజ ఒప్పుకుంది. బాలమురళి టబ్‌లో దిగి, మెడదాకా మునిగి, కళ్లు మూసుకున్నాడు. వేడి సరిపోయింది. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అలా దొరక్కపోవడం అతనికి కొత్తగా, హాయిగా ఉంది. కళ్లు తెరిచేసరికి టబ్ అంచున నార్మన్ ముక్కుతో తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

"మర్యాదగా మాట్లాడాలి," అని గుర్తుచేసుకున్నాడు బాలమురళి. "హలో నార్మన్. గుడ్ బాయ్. అదిచ్చేయ్."

నార్మన్ తువ్వాలు తీసుకెళ్లి బురదలో వేసి, దానిమీద నిలబడి, తిరిగొచ్చాడు. అతను ఒక కాలు బయటపెట్టబోతే బుస్సుమన్నాడు. కాలు లోపలికి పోయింది.

"సింధూ!"

సింధుజ కిటికీలో కనిపించి, మాయమైంది. సాయం వచ్చేముందు ఫోటో తీద్దామని ఫోన్ కోసం వెళ్లిందని అతనికి అర్థమైంది. అదే సమయానికి పక్క వైనరీ వాళ్లు సందర్శకుల్ని పన్నెండుమందిని తోటలో నడిపించుకుంటూ కంచె దాకా వచ్చారు. అందరి చేతుల్లో గ్లాసులున్నాయి. గైడ్ ద్రాక్షరకం గురించి చెబుతున్నవాడల్లా ఆగిపోయాడు. బాలమురళి నీళ్లలోంచి ఒక చెయ్యి తీసి ఊపాడు, ఇంకేం చేయాలో తోచలేదు. పన్నెండుమందీ గ్లాసులెత్తి అతని ఆరోగ్యానికి తాగారు. "గుడ్ ఆన్ యా, మేట్!" అన్నాడొకాయన.

నీళ్లు చల్లబడ్డాయి. వేళ్లు ముడతలు పడ్డాయి. ఐదయ్యింది. అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. శారదాంబ పళ్లెంలో పెరుగన్నం పెట్టుకుని, కొంగు దోపుకుని, నెమ్మదిగా నడిచొచ్చింది.

"ఏం నార్మన్ గారూ, ఏమిటీ అల్లరి? అల్లుడు గారండీ ఆయన. ఇంటికొచ్చిన అల్లుణ్ణి అలా నీళ్లలో కూర్చోబెట్టేస్తారా? రండి, వేళయింది, రెండు ముద్దలు తినండి."

ఆ గొంతులో ఏముందో మరి, నార్మన్ మెడ దించాడు. ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. పళ్లెం వెనకే వరండాలోకి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. బాలమురళి అరటాకంత ఆకు కోసం చుట్టూ చూసి, దొరక్క, పక్షుల వల చుట్టుకుని ఇంట్లోకి పరుగెత్తాడు. పరుగెత్తకండి అన్న మాట ఈసారి నార్మన్ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం సింధుజ పూర్తిగా గంటంపావు టబ్‌లో కూర్చుంది. టబ్‌కీ ఇంటికీ మధ్య నార్మన్ పహారా కాశాడు. టూత్‌పేస్ట్ ఎక్కడుందని అడగడానికి బాలమురళి రెండుసార్లు బయల్దేరి, రెండుసార్లూ వెనక్కి వచ్చాడు. తర్వాత చూస్తే వరండాలో పరుపు మీద శాలువా పరిచి ఉంది, నార్మన్ దానిమీద ఉన్నాడు, శారదాంబ పక్కనే కుర్చీలో కూర్చుని తెనాలిలో ఎదురింటివాళ్ల గోడ తగువు మొదట్నుంచీ చెబుతోంది. నార్మన్ మధ్యమధ్యలో గొంతు కలుపుతున్నాడు.

"అదే నేనూ అన్నానండీ," అంటోంది ఆవిడ.

సోమవారం తిరిగొస్తూ దారిలో కేరమ్ డౌన్స్ గుడి దగ్గర ఆగారు. శివుడి సన్నిధిలో అర్చనకి పూజారిగారు గోత్రం, పేర్లు అడిగితే బాలమురళి వరసగా చెప్పాడు. ఆయన మొదలుపెట్టబోతుంటే శారదాంబ చెయ్యెత్తింది.

"ఇంకొక్క పేరండీ. నార్మన్."

పూజారిగారు తడబడలేదు. మెల్‌బోర్న్‌లో చాలా కుటుంబాలు చూసినవాడు.

"చిన్నల్లుడు గారా అమ్మా?" అన్నాడు మెల్లగా.

"అబ్బే, పెద్దాయన. ఈమధ్యే ఇరవై రెండు నిండాయి. ఎడమ కన్ను ఆనదు."

పూజారిగారు బాలమురళి వైపు చూశాడు. ఎక్కడ తప్పున్నా పట్టుకోకుండా వదలని బాలమురళి గర్భగుడి వైపు తిరిగి, భక్తిగా కళ్లు మూసుకున్నాడు.

"గోత్రం?"

"తెలియదండీ."

"అయితే శివగోత్రం అందాం," అని పూజారిగారు పూలు చేతిలోకి తీసుకున్నాడు. "నార్మన్ నామధేయస్య..."