ఫ్రూట్ సలాడ్ కలిపే వేళ

"ఎనిమిది లీటర్లు చాలవే అమ్మాయ్. నందిగామ వాళ్లు కూడా వస్తున్నారు. ఇంకో రెండు పొయ్యి" అంది అత్తగారు పున్నమ్మ.

జెరూషా ఇంకో రెండు లీటర్ల పాలు పోసింది. అత్తగారు ప్లాస్టిక్ స్టూలు తెచ్చి పొయ్యి పక్కన వేసింది.

"నిలబడమాక. కూర్చుని తిప్పు. డాక్టరమ్మ చెప్పిందిగా."

డాక్టరమ్మ చెప్పింది వేరు. మూడు నెలలు బరువులు ఎత్తొద్దంది, పొయ్యి దగ్గర ఎక్కువసేపు ఉండొద్దంది. ఆపరేషన్ అయి ఏడు వారాలే అయింది. గర్భసంచి తీసేశారు. ఆమె బతికి బయటపడ్డందుకు ఇవాళ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక. కూడిక ఆమెదే. వాకిట్లో షామియానా వేశారు, మైకు పెట్టారు. బిర్యానీకి వంటవాళ్లు వచ్చారు. ఫ్రూట్ సలాడ్ కూడా చేసేస్తాం అన్నారు వాళ్లు. ఆడపడుచు కృపాజ్యోతి ఒప్పుకోలేదు. "వద్దులేండి, మా వదిన చేస్తేనే తింటారు మావాళ్లు" అంది. ఆ మాట అంటున్నప్పుడు వదిన వైపు ప్రేమగానే చూసింది. జెరూషాకి ఆ ప్రేమ నడుములో తగిలింది.

కస్టర్డ్ పొడి చల్లటి పాలలో కలిపి మరిగే పాలలో పోశాక గరిటె ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది, ఉండలు కడుతుంది. పంటి కింద పిండి తగిలితే ఎవరూ ఏమీ అనరు, గ్లాసు సగంలో పెట్టేసి చెయ్యి కడుక్కుంటారు. పెళ్లయిన ఏడాది అత్తగారింట్లో మొదటిసారి చేసింది. వేలు ఆనిస్తే జారకుండా నిలిచేంత చిక్కగా, మీగడ గిలక్కొట్టి కలిపి చేసింది. బాగుందన్నారు. ఒక్కసారి బాగుందన్నారు, పద్నాలుగేళ్ల పని అప్పజెప్పారు. పుట్టినరోజులకి, కొత్త ఇళ్లకి, బాప్తిస్మాలకి, క్రిస్మస్‌కి, చివరికి చనిపోయినవాళ్ల జ్ఞాపకార్థ కూడికలకి కూడా. పోయిన క్రిస్మస్‌కి ఆమె స్నానానికి వెళ్లినప్పుడు కృపాజ్యోతి పచ్చి అనాసపండు కోసి పాలలో వేసేసింది. గంటకి చేదెక్కింది. "జెరూషాకి ఈమధ్య పని మీద ధ్యాస లేదు" అన్నారు. కృపాజ్యోతి వింటూ ఊరుకుంది. జెరూషా కూడా ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో ఇప్పటికీ ఆమెకి అర్థం కాదు. ఆ చేదు మాత్రం నోట్లోనే ఉంది.

ఇంకో సంగతి ఎవరూ గమనించలేదు. సలాడ్ ముందే కలిపి పెట్టకూడదు. అరటిపండు నల్లబడుతుంది, ద్రాక్ష నీరొదులుతుంది, దానిమ్మ రంగు దిగుతుంది. భోజనాలకి అరగంట ముందు కలపాలి. కూడికలో భోజనాలకి అరగంట ముందు అంటే సాక్ష్యాల వేళ. ఎవరికి ఏ కష్టం వచ్చిందో, ఎలా గట్టెక్కారో లేచి నిలబడి తమ నోటితో చెప్పుకునే వేళ. పద్నాలుగేళ్లలో జెరూషా ఒక్క సాక్ష్యం కూడా కూర్చుని వినలేదు. వంటింటి కిటికీలోంచి సగం వినబడేది. మిగతా సగం గరిటె చప్పుడులో పోయేది. చెప్పడం అన్నది అసలే లేదు.

ఈసారి చెప్పాలనుకుంది. నాలుగు రోజులుగా అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ మాటలు కూర్చుకుంది. నిన్న పొద్దున డేవిడ్‌రాజు ముక్త్యాల ఫ్యాక్టరీ బస్సుకి బయల్దేరుతుంటే అడిగింది.

"ఏవండీ, రేపు సాక్ష్యం నేను చెప్తా."

"నువ్వా? అంతమందిలో నిలబడి గర్భసంచి గురించి మాట్లాడతావా?"

"నాకు జరిగిందేగా."

"నేను పైపైన చెప్తాలే. నువ్వు సలాడ్ సంగతి చూసుకో" అని బూట్ల లేసులు కట్టుకున్నాడు.

పైపైన చెప్పేదేముంది అందులో. ఎనిమిది నెలలు రక్తం పోయింది. మొదట అత్తగారితో చెప్పింది. "నలభై దగ్గర పడితే అందరికీ ఉండేదే, మేం ఎవరికైనా చెప్పుకున్నామా" అంది. మొగుడితో చెప్పింది. "ఫ్యాక్టరీలో షట్‌డౌన్ పనులు నడుస్తున్నాయి, అయ్యాక చూద్దాం" అన్నాడు. షట్‌డౌన్ అయింది. మళ్లీ చెప్పింది. ఆ రోజు నందిగామలో కృపాజ్యోతి కొడుకు పుట్టినరోజు. "ఇవాళ ఆస్పత్రంటే ఎలాగే? నువ్వు రాకపోతే సలాడ్ ఎవరు చేస్తారు?" అన్నాడు. వెళ్లింది. రెండు ప్యాడ్లు పెట్టుకుని నాలుగు గంటలు నిలబడి చేసింది. చీర మీద మరక ఎవరికైనా కనబడుతుందని పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. అందరూ రెండోసారి వేయించుకుని తిన్నారు. ఆ తర్వాత పదిహేను రోజులకి, నందిగామలో తను పాఠాలు చెప్పే ప్రైవేటు స్కూల్లో, తొమ్మిదో తరగతి పిల్లల ముందు బోర్డు పట్టుకుని కింద పడిపోయింది. లెక్కల టీచరు రమీజా ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది. రక్తం అయిదు పాయింట్లే ఉందన్నారు. ఇంటివాళ్ల సంతకం కావాలన్నారు. "నేనే ఇంటిదాన్ని" అని రమీజా సంతకం పెట్టింది. డేవిడ్‌రాజు డ్యూటీ దిగి సాయంత్రం వచ్చాడు.

కస్టర్డ్ చిక్కబడింది. పొయ్యి ఆపి, ఐసుగడ్డలు పోసిన టబ్బులోకి గిన్నె దించాలి. జెరూషా అటూ ఇటూ చూసింది. మరుదులు ఇద్దరు షామియానాలో కుర్చీలు వేస్తున్నారు. పిలిచింది. "వస్తున్నాం వదినా" అన్నారు. రాలేదు. పాలు అడుగంటుతాయని తనే దించింది. పొత్తికడుపులో సూది దిగినట్టయింది. స్టూలు మీద కూర్చుని కాసేపు కళ్లు మూసుకుంది.

కృపాజ్యోతి పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి, వేలు ముంచి నాకింది.

"పంచదార తక్కువైంది వదినా."

"చల్లారాక తెలుస్తుంది."

"తీపి లేకపోతే మా ఆయన ముట్టుకోడు."

"మీ ఆయన్ని వచ్చి వేసుకోమను."

"అబ్బో, ఆపరేషనయ్యాక నోరు లేచిందే మా వదినకి!" అని నవ్వింది. జెరూషా యాపిల్ పళ్లు ముందుకి లాక్కుంది.

అప్పుడే రమీజా వంటింట్లోకి తొంగి చూసింది. జెరూషాయే పిలిచింది ఆమెని. ఇంట్లోవాళ్లకి ఎవరికీ పిలవాలని తోచలేదు.

"నువ్విక్కడున్నావేంటి? ప్రోగ్రామ్ నీదేగా?"

"పళ్లు కలపాలి."

"నిన్ను చూసి పోదామని వస్తే గిన్నెలో తలకాయ పెట్టుకున్నావ్. పిచ్చిదానివా?"

"టీచరుగారూ, మీరు వచ్చి కూర్చోండి, వెనక కుర్చీలున్నాయ్" అంది కృపాజ్యోతి. రమీజా జెరూషా మొహం వంక చూసి, వెళ్లి వెనక కూర్చుంది.

పాట అయింది. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేశారు. తర్వాత మైకులో డేవిడ్‌రాజు గొంతు. జెరూషా యాపిల్ ముక్కలు, ద్రాక్ష, దానిమ్మ గింజలు పక్కన పెట్టుకుని అరటిపళ్లు కోస్తోంది. ఇవాళ గరిటె చప్పుడు లేదు. ప్రతి మాటా వినబడింది.

"మా ఆవిడ తరఫున నేను చెప్తున్నా. ఆవిడకి కొంచెం నలతగా ఉందని నేను ముందే కనిపెట్టా. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకుండా విజయవాడ తీసుకెళ్లా."

"స్తోత్రం" అన్నారు జనం.

"మా అమ్మ ఆవిడని కూతురికంటే ఎక్కువగా చూసుకుంది. మా చెల్లి పనులన్నీ మానుకుని వచ్చింది. ఇలాంటి కుటుంబం దొరకడం మా ఆవిడ అదృష్టం."

"స్తోత్రం."

జెరూషా చేతిలో చాకు ఆగింది. ఎనిమిది నెలలు ఒక్కరోజు కూడా కాకుండా పోయాయి. పుట్టినరోజు పోయింది. బోర్డు పోయింది. రమీజా సంతకం పోయింది. తన ఒంట్లో జరిగింది తనది కాకుండా పోయి, ఇంకెవరి మంచితనానికో రుజువుగా మిగిలింది. ఇప్పుడు ఈ మాటలు మైకులోంచి జగ్గయ్యపేటంతా పాకుతాయి. రేపట్నుంచి ఇదే నిజం. ముందు వరసలో కూర్చుని ఇవన్నీ వింటున్న తన కూతురు పదేళ్ల తర్వాత ఒంట్లో బాగోలేదంటే, "మీ అమ్మని మేం ఎలా చూసుకున్నామో ఎవర్నైనా అడుగు" అంటారు. ఆ పిల్ల నమ్ముతుంది. నమ్మి ఊరుకుంటుంది.

సగం అరటిపళ్లు కొయ్యకుండానే లేచింది. చేతులు కడుక్కుంది, కొంగుకి తుడుచుకుంది.

"వదినా, ఎక్కడికి? ఇంకా కలపలేదుగా!"

"నువ్వు కలుపు."

"నాకు రాదు."

"రావడానికేముంది. పళ్లు వెయ్యి, తిప్పు."

"ఎక్కడికే జెరూషా?" అని పున్నమ్మ గుమ్మంలో అడ్డం వచ్చింది. "జనం ఆకలి మీదున్నారు."

"కాసేపు ఉంటారులే అత్తయ్యా" అని పక్కనుంచి దాటుకుని వెళ్లింది.

షామియానా కింద అరవై మంది ఉన్నారు. ఆమెని చూసి డేవిడ్‌రాజు మైకు మీద చెయ్యి పెట్టాడు.

"అయిందా? వడ్డించేద్దామా?"

"మైకివ్వండి."

"ఎందుకు? నేను చెప్పేశాగా."

"మీరు మీది చెప్పారు."

"జెరూ, అందరూ చూస్తున్నారే."

"చూడనీండి."

అయ్యగారు కుర్చీలోంచి నవ్వారు. "ఇవ్వండి డేవిడ్‌రాజుగారూ, చెల్లెమ్మని కూడా ఒక ముగింపు ప్రార్థన చెయ్యనివ్వండి" అన్నారు. డేవిడ్‌రాజు మొహంలో భయం తీరింది. మైకు ఇచ్చేశాడు.

ఆడవాళ్లు తలల మీదకి కొంగులు లాక్కున్నారు. మగవాళ్లు చేతులు కట్టుకున్నారు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. పున్నమ్మ గుమ్మంలోనే మూసుకుంది. వెనక వరసలో రమీజా ఒక్కతే తల ఎత్తి చూస్తోంది.

జెరూషా మైకు నోటి దగ్గరికి తీసుకుంది. నాలుగు రోజులు కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ వంచిన తలల వంక చూస్తూ నిలబడింది. ఆమేన్ అంటుందేమోనని వాళ్లు ఎదురుచూస్తున్నారు.

"అందరూ కళ్లు తెరవండి" అంది. "నేను ప్రార్థన చెయ్యట్లేదు. నాకు జరిగింది చెప్తున్నా."