ఐదు పూతల కింద ఎల్లాజీ

ఓడని రెండో యజమాని మధ్యకి కోసి పొడిగించిన రోజు నుంచి నా నడుము నాలుగడుగులు ఎక్కువగా ఉంటోంది. చొక్కాలన్నీ గుండెల దగ్గరే అయిపోతున్నాయి. మిగతా నన్ను మా నూకాలక్క పాత కర్టెన్‌లో చుట్టి పనికి పంపుతుంది.

నా పని ఓడ ముక్కు మీద పేరు రాయడం. ఇది టూరిస్టుల్ని తిప్పే పెద్ద తెల్ల ఓడ. యజమాని మారినప్పుడల్లా పేరు మారుతుంది. పాత పేరుని ఎవరూ గీకరు. దాని మీదే తెల్లరంగు కొట్టి కొత్తది రాస్తారు. రేవులో అందరూ చేసేది అదే.

తప్పు నాదే. మొదటిసారి, ఉత్త ఇనుము మీద, ఎలాగూ కప్పేసేదే కదా అని మూరెడేసి అక్షరాలతో నా పేరు రాశాను. ఎల్లాజీ. సరదాకి. నేను పెంటయ్య మావ మేకకి లుంగీ కట్టింది కూడా సరదాకే. మేక ఏమీ అనుకోలేదు. ఓడ అనుకుంది.

ఓడని అమ్మే కాయితంలో 'దాని మీద రాసి ఉన్న సమస్తంతో సహా' అని ఉంటుందట. అప్పటి నుంచి ఓడతో పాటు నేనూ చేతులు మారుతున్నాను. మొదటాయన బ్యాండుమేళం పెట్టించాడు, నాకు ఎడమ చెవిలో ట్రంపెట్ మొదలైంది. రెండో ఆయన సంగతి చెప్పాను. మూడో ఆయన పేకాట పెట్టించాడు, ఇస్పేటు రాజు నా దిండు కింద కాపరం పెట్టాడు. నాలుగో ఆయన కల్యాణమండపం చేశాడు, నేను తుమ్మితే అక్షింతలు రాలాయి. ఐదో ఆయన ఏమీ చెయ్యలేక ఓడని రేవులో కట్టిపడేశాడు. రెండేళ్లు నా మోకాళ్లకి గవ్వలు పట్టాయి.

ఆరో ఆయన ముక్కలు చెయ్యడానికి కొన్నాడు. నిన్న ఓడని ఇసకలోకి ఎక్కించారు. గ్యాస్ కట్టర్ వాళ్లు వెనక నుంచి మొదలుపెట్టారు.

పొద్దున లేచేసరికి నాకు మడమలు లేవు.

"ఒరే గుంటడా, మడమలేవిరా?" అంటుంది అక్క.

"కోసీసినారే."

"ఎవుల్నడిగి కోసీసినారు? నాకో మాట సెప్పక్కర్లేదేటి?"

చేపల బజారులో పొలుసు గీకే కత్తి బొడ్లో దోపుకుని, నన్ను చంకన వేసుకుని బయల్దేరుతుంది. యార్డు గేటు దగ్గర గొడుగు కింద మేస్త్రీ కూర్చుని ఉన్నాడు. ముక్కు మీద పేరు చూసి పుస్తకంలో రాసుకుంటేనే ఇక్కడ కట్టర్ వెలుగుతుంది. అది ఆయన పద్ధతి.

"నా తమ్ముడు ఆ పేర్ల కింద ఉండిపోనాడు, గీకి తీసుకుంటాను," అంటుంది అక్క.

"సాయంత్రంలోగా తీసుకో తల్లీ. మావోళ్లు నడుం దాకా వచ్చీస్తారు."

అక్క ఓడ ముక్కుకి వేలాడే చెక్క మీద నిలబడి పండుగప్ప చేపకి పొలుసు తీసినట్టు గీకుతుంది. ఐదో పేరు రాలగానే ఐదో యజమాని తాడు చుట్టుకుంటూ వచ్చి, ఓడ నాదంటాడు. నా మోకాళ్ల మీది గవ్వలు రాలిపోతాయి. వాటి వెనకే మోకాళ్లూ పోతాయి. కట్టర్లు చురుగ్గా ఉన్నాయి.

నాలుగో పేరు కింద పెళ్లి ఇంకా జరుగుతోంది. వరుడు తాళి ఎత్తి పట్టుకుని ఉన్నాడు, చేతికి బూజు పట్టింది. "ఓడ అమ్మేశారు, ఆగమన్నారు, ఆగాం," అంటాడు పురోహితుడు.

మూడో పేరు కింద పేకాటవాళ్లు తలెత్తరు. "ఇస్పేటు రాజేడిరా?" అంటాడొకడు. ఇంట్లో పడుకున్నాడని చెబుతాను.

రెండోది గీకగానే నా నడుము నాలుగడుగులు తగ్గుతుంది. మంట వేడి తొడలకి తగులుతోంది. "అక్కా, బేగి!" అంటాను. మొదటిది రాలుతుంది. చెవిలో ట్రంపెట్ ఆగిపోతుంది. పేరుకొకరుగా దిగిన ఐదుగురు యజమానులు ఇసకలో ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని ఉన్నారు.

"ఇదేనేటిరా నీ పేరు?"

"అదే."

"ఇంత వంకరగానా రాసుకున్నావు? సచ్చినోడా."

చివరి అక్షరం కూడా పొలుసులా ఇసకలో పడుతుంది. మేస్త్రీ తలెత్తి చూస్తాడు. ముక్కు మీద ఏమీ లేదు. రాసుకోవడానికి లేదు గనక మంట ఆరిపోతుంది. నాకు తొడలు, మోకాళ్లు, మడమలు వరసగా వచ్చేస్తాయి. నేను గెంతి చూపిస్తాను.

"పద ఇంటికి, ఒరే..." అని అక్క ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెడుతుంది. "ఒరే..."

నా పేరు నాకూ గుర్తు రావడం లేదు.

"పేరు లేనిదాన్ని యార్డులో ఉంచకూడదు. బైటికి తీసుకుపోండి," అంటాడు మేస్త్రీ.

"పేరు లేందే ఎలా పిలిసీది బాబూ? పిలవందే ఎలా వస్తాడు?" అంటుంది అక్క. చదువు రాదు గానీ, ఏళ్ల తరబడి ఆ ముక్కు కేసి చూసింది. నా కుంచె తీసుకుని, ఓడ పాత పేర్లలో తనకి నచ్చిన వంకీల్ని గుర్తుపెట్టుకుని నా గుండెల మీద జాగ్రత్తగా దించుతుంది. "అన్నిట్లోకీ ఇదే సక్కంది."

మేస్త్రీ కళ్లజోడు తుడుచుకుని చదువుతాడు. "సాగర మహారాణి." పుస్తకంలో రాసుకుంటాడు.

యజమానులు చొక్కాలు వదిలేసి, పెట్టెలు సర్దుకుని, నా చేతి మీదుగా పైకెక్కడం మొదలుపెడతారు. వాళ్ల వెనక పెళ్లివారు, పేకాటవాళ్లు. పురోహితుడు నా మోచేతి దగ్గర ఆగి, భోజనాలు ఏ అంతస్తులోనని అడుగుతాడు.

"పేరు లేనిదాన్ని తీస్కెళ్లమన్నాను కదమ్మా," అంటాడు మేస్త్రీ.

అక్క తలూపి ఓడ చెయ్యి పట్టుకుంటుంది. "పదరా, అన్నం సల్లారిపోద్ది." ఓడ నా చెప్పులు వేసుకుని, గేటు దగ్గర తల వంచి, బుద్ధిగా ఆమె వెనక నడుస్తుంది.

పిలుద్దామని నోరు తెరుస్తాను. మూడుసార్లు కూత మోగుతుంది. నా పక్కటెముకల్లో కిటికీలన్నిటికీ దీపాలు వెలుగుతాయి, నా మడమల దగ్గర నీలం మంట వెలుగుతుంది. రోడ్డు మీద నూకాలక్క వెనక్కి తిరిగి, ఇంత పెద్ద ఓడని ఎప్పుడూ చూడనట్టు, నాకు చెయ్యి ఊపుతోంది.