కాల్చే పంట

ఎండ నడినెత్తికెక్కినా ఇంకా నాలుగు మళ్ల ఆవమొక్కలు మిగిలే ఉన్నాయి. వేళ్లతో సహా పీకాలి, మన్ను దులిపి గోతాల్లో కుక్కాలి. రెండింటికి లారీ వచ్చి బట్టీలో కాల్చడానికి పట్టుకుపోతుంది. కాల్చడానికి పంట వేయడమేమిటని ఆడకూలీలు మొదట్లో నవ్వుకున్నారు. తర్వాత అలవాటైపోయింది.

మూతబడ్డ బ్యాటరీల ఫ్యాక్టరీ నేల అది. మట్టిలో దిగిన సీసాన్ని ఆవమొక్క పీల్చుకుంటుందని, ఆకు తినకూడదని మేస్త్రీకి కాగితం ఇచ్చారు. పన్నెండు మందికీ వివరించానని అతను సంతకం పెట్టాడు. వివరించలేదు. కూలి బయటికన్నా యాభై తక్కువ. పోయేటప్పుడు ఒడిలో ఇంత ఆకు వేసుకోవచ్చనే వాళ్లు వస్తున్నారు. నిజం చెబితే ఒక్కరూ మిగలరు. రేపు చెబుదాం, రేపు చెబుదామని మూడు వారాలు గడిపాడు.

ఆ మూడు వారాలూ అన్నాల దగ్గర అతను ఆకుకూర ముట్టలేదు.

"ఏం మేస్త్రీ, ఇవాళ కూడా పడదా?" అంది రేడియో పెద్దమ్మ. నోరు మూతపడదని ఆమెకా పేరు. "మా అందరికన్నా నీ కడుపే సుకుమారం."

అందరూ నవ్వారు. ఆ పన్నెండు మందిలో ఒకతైన అతని చెల్లెలికి ఆరో నెల. ఆమె కూడా నవ్వుతూ తన గిన్నెలోని ఆవాకు కూర అన్నంలో కలుపుకుంది.

మేస్త్రీ చేతిలో ముద్ద ఆగిపోయింది. "నిన్ను తినొద్దన్నానుగా."

"వేడి చేస్తుందన్నావు. పెద్దమ్మ ఏం కాదంది." ఆమె అతని ముఖంలోకి చూసింది. "వేడైతే అందరికీ వేడేగా అన్నయ్యా. నాకొక్కదానికే చాటుగా ఎందుకు చెప్పావు?"

సిగ్గుతో అతని చెవులు మండాయి. తన మనిషిని కాపాడుకోబోయి పదకొండు మందిని వదిలేశాడు. ఆ కాపాడుకోవడమూ చేతకాలేదు.

"అందులో విషముంది," అన్నాడు తలెత్తకుండా. "సీసం. నేలలోంచి దాన్ని లాగడానికే ఈ మొక్కలు వేశారు. నాకు ముందే తెలుసు."

పెద్దమ్మ లేచి తన గిన్నెలోని కూరను పక్కనున్న గోతంలో వంచింది. అడుగున అంటుకున్నది వేలితో తుడిచి మరీ వేసింది. ఆమె వెనకే ఒక్కొక్కరూ లేచారు. చివరగా చెల్లెలు.

గేటు దగ్గర లారీ హారన్ కొట్టింది. అతను పురికొస ఉండ తీసి, "గోతాలు కట్టండమ్మా," అన్నాడు అలవాటుగా. ఎవరూ అందుకోలేదు.

"కడతాం," అంది పెద్దమ్మ. ఆ గొంతు అంత చిన్నగా పలకడం వాళ్లెప్పుడూ వినలేదు. "మూడు వారాలుగా నా మనవరాలికి కలిపి పెట్టాను. ఆ తిన్నది ఏ గోతంలో వెయ్యాలో ముందు చెప్పు."

లారీ మళ్లీ హారన్ కొట్టింది. పురికొస మేస్త్రీ చేతిలోనే ఉండిపోయింది.