బావిలో సగం దిగిన పునీతుడు

ఈస్టరు ముందరి ఆ తపస్సుకాలంలో శౌరయ్యను ఉపవాసాలకన్నా ఒక తాడు ఎక్కువగా బాధపెట్టింది. ఆ తాడు కొసన ఒక పునీతుడు వేలాడుతున్నాడు. రాజుగారి బంట్లు ఆయన్ని పాడుబావిలోకి దించుతుండగా, సరిగ్గా సగంలో, శౌరయ్య చేతిలోని పుస్తకం అయిపోయింది. వాక్యమైనా పూర్తి కాలేదు. “అప్పుడు తాడు” అని ఉంది, అంతే. ఆ తరువాతి మాట మూడో ముక్కలో ఉంది. మూడో ముక్క తెరేజమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. పదిహేను రోజులుగా పునీతుడు కిందికీ పోలేదు, పైకీ రాలేదు.

పుస్తకం ముక్కలెందుకయిందంటే, అది యుద్ధం రోజుల మాట. కిరసనాయిలు లేదు, కాగితం లేదు. ఏటా తపస్సుకాలం మొదలయ్యే విభూతి బుధవారంనాడు స్వాములవారు గుడి పెట్టెలోంచి చదువొచ్చినవాళ్ళకు తలా ఒక పుస్తకం ఇవ్వడం, ఆదివారం జపమాల అయ్యాక వాళ్ళు గుడి అరుగుమీద కూర్చుని ఎవరేం చదివారో, ఎంతదాకా వచ్చారో చెప్పుకోవడం ఆ ఊరి ఆనవాయితీ. ఆ ఏడు పెట్టె తెరిచేసరికి పాతవన్నీ చెదలు తిన్నాయి. కొత్తది ఒక్కటే వచ్చింది. స్వాములవారు దాన్ని కత్తితో నాలుగు ముక్కలుగా కోసి, దబ్బనంతో కుట్టి, నలుగురికి పంచి, వారంవారం మార్చుకోమన్నారు. చలిజ్వరంతో వణుకుతూనే బండెక్కి, మళ్ళీ పండుగ ముందరి మట్టల ఆదివారానికే వస్తానని వెళ్ళిపోయారు.

ఎవరికి దొరికిన ముక్కతో వాళ్ళు మొదలుపెట్టారు. శౌరయ్యకు పునీతుడి పుట్టుక వచ్చింది. నాపరాళ్ళ గనిలో పనిచేసే పేతురుకు పడుచుతనం వచ్చింది. గుడిలో జపాలు చెప్పించే ఉపదేశి జోజప్పకు చావు వచ్చింది. పాపం, ఆయన పునీతుణ్ణి సమాధి చేశాడుగాని, ఆ పునీతుడిది ఏ ఊరో ఎరగడు. మూడో ముక్క తెరేజమ్మకు వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

తెరేజమ్మ శౌరయ్య చనిపోయిన భార్యకు చెల్లెలు. మిషను బడిలో ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసింది. ఏ పుస్తకం పట్టుకున్నా, ముందు బిషప్పుగారి అనుమతి అచ్చువేసిన ఆకు వెతికి, కళ్ళకద్దుకుని, ఆ తరువాతే మొదటి పుట తిప్పుతుంది. అనుమతి లేని మతపుస్తకం ముట్టరాదని పిల్లలకు చెప్పిన మనిషి. పుస్తకాన్ని కోసినప్పుడు ఆ ఆకు కాస్తా మొదటి ముక్కలో ఉండిపోయింది.

శౌరయ్య దాన్ని తీసుకెళ్ళి చూపించాడు.

“ఇదుగో అనుమతి. చూసుకో.”

“అది ఆ ముక్కకి. ఈ ముక్కకేది?”

“ఒకే పుస్తకం కదే!”

“కోసినాక ఒకటెట్టా అవుద్ది బావా? నడిమిన ఇంకేదన్నా కలిసుంటే?”

“కుట్టింది స్వాములవారే కదే!”

“ఆయన చలిజరంలో కుట్టాడు.”

తాను చదవదు, ఇంకొకరి ఆత్మకు చేటు తేదు; స్వాములవారు వచ్చేదాకా ముక్క పెట్టెలోనే ఉంటుందని తీర్పు చెప్పింది. జోజప్పకు అక్షరాలు దిద్దించింది ఆమే. ఉపదేశి అయినా ఆమె ఎదుట ఇప్పటికీ చేతులు కట్టుకునే నిలబడతాడు. ఇక అడిగేదెవరు?

ఇంతే అయితే శౌరయ్య నవ్వుకుని ఊరుకునేవాడు. కాని ఆయన కళ్ళకు పొరలు కమ్ముతున్నాయి. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా ఆవగింజమీద రాసినా చదువుతానని కోతలు కోసేవాడు. మొదటి ముక్క అరుగు నీడన చదివాడు. రెండోది మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక కన్ను మూసి, వేలు పెట్టుకుని, రోజుకు రెండు పుటలు. ఉపవాసంతో కడుపు లోపలికి పోయేది, ఎండతో తల దిమ్మెక్కేది. ఈస్టరు పండుగనాటికి అక్షరాలు కనిపిస్తాయో కనిపించవో. ఈ ఒక్క పుస్తకం, చివరిది, తన కళ్ళతో తాను పూర్తి చేయాలని ఆయన ఆశ. అంతకుమించి ఏమీ అడగలేదు.

బుధవారం పొద్దున్నే కాళ్ళీడ్చుకుంటూ తెరేజమ్మ ఇంటికి వెళ్ళాడు. ఆమె మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. గోడకానుకుని కూలబడ్డాడు.

“నువ్వు ఇవ్వబాకు లేవే. నాకు తెలిసిపోయింది. మాచర్ల రైల్లో ఒకాయన కలిశాడు. పుస్తకమంతా నోటికొచ్చినోడు.”

“ఏందంట?”

“తాడు తెగిందంట. దబ్బున పోయి తాబేలు వీపున పడ్డాడంట పునీతుడు. రైలు పెట్టెంత తాబేలు. అది ఆయన్ని మోసుకుని భూమి లోపల్నుంచే ఈదుకుంటా పోయి, మన ఎత్తిపోతల జలపాతం కాడ తేలిందంట.”

“ఆయన దేశమేడ, ఎత్తిపోతలేడ?”

“నీళ్ళకి దేశాలేందే? అక్కడ రాజుగారి కూతురు చద్దన్నం పెట్టి, నన్ను పెళ్ళాడమందంట. ఆకలిమీదున్నాడు కదా, సరేనన్నాడంట.”

తెరేజమ్మ చేతిలోని కాయను చేటకేసి కొట్టింది. “నోరు కడుక్కో! తాడు తెగనూలేదు, తాబేలూ లేదు. దించే బంటుకే చేతులాడక కూలబడి ఏడ్చాడు. వాడే పైకి లాగాడు. పెళ్ళంట, పెళ్ళి!”

అన్నాక గాని ఏమన్నదో ఆమెకు తెలిసిరాలేదు. చేటలోకి చూస్తూ ఉండిపోయింది.

ఇంకో ఏడాదయితే శౌరయ్య ఈ మాట కారంపూడి దాకా మోసుకుపోయి నవ్వించేవాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. పునీతుడు బయటపడ్డాడు గాని, తన కళ్ళముందు కాదు.

“ఎన్నిసార్లు చదివావే?”

“మూడు. పెట్టె తెరిచినప్పుడల్లా కనబడుద్ది, ఏం చెయ్యను? స్వాములవారు రాంగానే పాపసంకీర్తనంలో చెప్పుకుంటా.” లేచి వెళ్ళి ముక్క తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది. “చదువుకో పో. పాపం ఎట్టాగూ అయింది.”

శౌరయ్య గడప దగ్గర ఎండలోకి జరిగాడు. ఒక కన్ను మూశాడు. వరసలు కనిపించాయి, అక్షరాలు లేవు. అది తెరిచి రెండో కన్ను మూశాడు. వారం కిందట ఇంత లేదే అనుకున్నాడు. వేలు కదుపుతూ కాసేపు ఊరికే కూర్చుని, ఒక ఆకు తిప్పాడు.

“బొమ్మ బాగుందా బావా?” అంది తెరేజమ్మ.

“బెమ్మాండం! తాడుకి పురులు కూడా గీశాడు.”

“ఆ ముక్కలో బొమ్మే లేదు.”

శౌరయ్య ముక్క మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఎన్నాళ్ళనుంచి?”

“జొన్నలు కోసిన కాడినుంచి.”

“చెప్పవేం?”

“చెబితే నాకు ముక్కెందుకిస్తారే? చదివేవోళ్ళకే పుస్తకాలు కరువైతేనూ.”

తెరేజమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని ముక్క అందుకుంది. “చూపు లేనోళ్ళకి చదివి వినిపించటం దయగల పని. దానికి అనుమతి అక్కర్లా.”

“ఎవరన్నారు?”

“నేనంటన్నా. కూర్చో.”

బడిలో చదివినట్టే, ఆగవలసిన చోటల్లా ఆగుతూ చదివింది. శౌరయ్య గోడకు తలవాల్చి విన్నాడు. కథ బాగానే ఉంది. కాని కాగితంమీదయితే నచ్చిన మాట దగ్గరికి వెనక్కి వెళ్ళేవాడు. గొంతులో మాట రైలులాగా పోనే పోతుంది. ఆ తేడాకు అలవాటుపడాలి. ఈ వయసులో ఇంకొక అలవాటు అనుకుంటేనే ఆయనకు నీరసం వచ్చింది.

ఆదివారం జపమాల అయింది. అరుగుమీద పేతురు తన వంతు చెప్పాడు. జోజప్ప ఇటు తిరిగాడు.

“శౌరి మావా, మూడో ముక్క దొరికిందంట గదా? ఎందాకా వచ్చింది?”

చదివానంటే చాలు. తెరేజమ్మ చదివిన సంగతి బయటికి రాదు, నాలుగో ముక్క తన చేతికొస్తుంది. వచ్చి ఏం లాభం? నాలుకమీద పది అబద్ధాలున్నాయి. ఒక్కటీ లేవలేదు.

“అయిపోయిందిరా. నేను చదవలా, విన్నా. నాకు కళ్ళు కనబట్టంలా.”

పేతురు పకపకా నవ్వాడు. “తాత మళ్ళీ మొదలెట్టాడు! ఆవగింజ చదివే కళ్ళు తాతవి!” జోజప్ప కూడా నవ్వాపుకున్నాడు. జన్మలో ఒక్కసారి నిజం చెబితే ఇంతే కాబోలు అని శౌరయ్య తల దించుకున్నాడు.

“నవ్వబాకండి,” అంది తెరేజమ్మ లేచి నిలబడి. “నిజమే. చదివి వినిపించింది నేను.”

అనుమతి మాట అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. జోజప్ప నాలుగో ముక్క తీశాడు. శౌరయ్య అలవాటుకొద్దీ చెయ్యి చాచాడు. ముక్క ఆ చేతిని దాటి తెరేజమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలు రాసుకున్నాడు.

“రేపు పొద్దున్నే రా బావా. ఎండెక్కితే నాకు గొంతు రాదు.”

“దాంట్లో పోతాడు కదే పునీతుడు?”

“పోతాడు.”

“నిదానంగా చదువు,” అన్నాడు శౌరయ్య.